గుర్రానికి పడుకునే చోటు లేదు

చిన్నపిల్లల బడిలో కుర్చీలు కూడా చిన్నవే.
మోకాళ్ళు గడ్డానికి తగులుతుంటే కూర్చున్నాం
పదకొండుమంది తల్లులు,
బొగ్గు వదలని గోళ్ళతో నేనొక్కణ్ణే తండ్రిని.

"ఏమీ కొనక్కర్లేదు," అంది దుల్మా టీచరు.
"పిల్ల అడగ్గానే జవాబు చెప్పెయ్యకండి.
లోపల మూడు లెక్కపెట్టండి.
అప్పుడు, నీకేమనిపిస్తోంది, అనండి. అంతే."

అంతేనా!
నా నోట్లో నువ్వుగింజ నానదని
మా సర్నైకి తెలుసు,
ఉలాన్‌బాతర్‌లో సగం లారీ డ్రైవర్లకీ తెలుసు.
పొద్దున్నుంచి రాత్రిదాకా బస్తాలు లెక్కపెట్టేవాణ్ణి.
లెక్కంటే నాకు కూలి, లేదా కూలిలో కోత.
సైన్సంటే
ఆరో క్లాసులో గోడవైపు తిరిగి నిలబడ్డ నా వీపు.

ఆదివారం నీళ్ళకి పోయాం.
బండి మీద నా ఇరవై లీటర్ల డబ్బా,
దాని పక్కనే ఖులన్ రెండు లీటర్ల సీసా.
"నాన్నా, నీ డబ్బాలో నా సీసాలెన్ని?"
నాలుక చివరిదాకా వచ్చేసింది పది.
ఒకటి. రెండు. మూడు.
నీకేమనిపిస్తోంది?
"వంద!"

గుడారం చేరాక కొలిచి చూశాం,
డబ్బాలోంచి సీసాకి, సీసాలోంచి పీపాకి.
చాప తడిసింది. సర్నై ఏమీ అనలేదు,
మసిగుడ్డ మాత్రం విసురుగా వచ్చి ఒళ్ళో పడింది.
ఏడు తర్వాత తొమ్మిది అంది పిల్ల,
ఆ తర్వాత ఎనిమిది.
దిద్దబోయి పెదవి కొరుక్కున్నాను.
సీసాకో వేలు ముడుస్తూనే ఉంది తను.
నోరు తడబడింది గాని వేళ్ళు తడబడలేదు.

"వంద కాదు నాన్నా. రెండు చేతులు.
ఒక్క వేలు తక్కువ."
కాసేపు చూసి,
"ఆ వేలు చాపలో ఉంది."

రాత్రి మడమ ఎముకలు వేశాం,
మా తాత నాడు కోసిన గొర్రెలవి,
ఆడీ ఆడీ నున్నబడ్డవి.
ఒక్కో ఎముకకి నాలుగు పక్కలు:
గుర్రం, ఒంటె, గొర్రె, మేక.
"ఎప్పుడూ గొర్రే, మేకే. గుర్రం ఎందుకు రాదు?"
ముప్పై ఏళ్ళుగా దాన్ని అదృష్టమంటున్నాను నేను.
ఖులన్ ఎముక తీసి సన్నపక్క మీద నిలబెట్టింది.
ఒరిగింది.
మళ్ళీ నిలబెట్టింది. మళ్ళీ ఒరిగింది.
"గుర్రానికి పడుకునే చోటు లేదు."

మంగళవారం మైనస్ ముప్పై ఒకటి.
తీగ మీది నా పంట్లాం కట్టెలా బిగుసుకుపోతే
తెచ్చి పొయ్యి పక్కన నిలబెట్టాను.
నిలబడింది, లోపల ఎవరో ఉన్నట్టే.
ఖులన్ దానికి పాలటీ పోసింది.
కాసేపటికి పెద్దమనిషి మోకాళ్ళు వంగాయి,
మెల్లగా కూలబడ్డాడు.
పిల్ల నవ్వి నవ్వి నేలమీద దొర్లింది.

బయటే మరిచిపోయిన తన చొక్కా ఒకటి ఉంది.
మూడోనాటికి అది మెత్తబడింది, పొడిగా.
కరగలేదు. కారలేదు.
కింద మంచు మీద చుక్క మచ్చయినా లేదు.
"మరి దాన్లో నీళ్ళెటు పోయాయి?"

ఒకటి. రెండు. మూడు.
నాలుగు. అయిదు.
ఈసారి నేను ఆపుకుంటున్నది ఏమీ లేదు.
"తెలీదమ్మా," అన్నాను.
బిడ్డ దగ్గర ఆ మాట అనడం అదే మొదలు.
తను నా మొహంలోకి చూసింది,
నేనూ నాలుగేళ్ళవాణ్ణే అన్నట్టు.
"అయితే చూద్దామా?"

ఒక ఊలు చేతితొడుగు తడిపి తీగకి తగిలించాం.
ఇంత గట్టిపడ్డాక దాన్ని నా డిపోకి తెచ్చింది,
బస్తాలు తూచే కాటా ఎక్కించమని.
ముల్లు కదల్లేదు.
లోడింగు వాళ్ళంతా చుట్టూ మూగారు.
పళ్ళూడిన బత్‌దోర్జు కూడా వంగి చూశాడు.
ఇలాగే ఆరిన బట్టలు కట్టుకుని పెరిగినవాళ్ళే అందరూ,
ఒక్కడికీ తెలీదు.

"ఈ కాటాకి చిన్న బరువులు వినపడవు,"
అని తేల్చేసి తొడుగు జేబులో పెట్టుకుంది.

ఇంటికొచ్చి
కోటు తగిలించే కొంకి ఒకటి వెతికాను,
సర్నై చూడకుండా రెండు టీ కప్పులు.